సున్నా అంటే ఏమీ లేదని కాదు

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో నాలుగో తరగతి పిల్ల ఒకతె నోటుబుక్కులో మడిచి పెట్టిన కాగితం తెచ్చి మా బల్ల మీద పెట్టింది. "అమ్మ సదవమన్నది సార్" అన్నది. చిట్యాల పక్క ఊళ్లో ఆడవాళ్లకు ఉచిత క్యాంపు పెట్టి, బస్సులో మిషను తెచ్చి రొమ్ముల ఎక్సురే తీసినప్పటి చీటీ అది. మమోగ్రాం అంటారు. కాగితమంతా ఇంగ్లీషే.

మా వాడలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా మా దగ్గరికే వస్తుంది. బ్యాంకు నోటీసు, కోర్టు సమను, దుబాయి వీసా, ఇరవై ఏండ్లుగా చదివి పెడుతున్నాం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినోనికి ఇది తప్పని డ్యూటీ. కొంచెం గర్వం కూడా, ఎందుకు దాచాలె. ఆ చీటీలో సగం మాటలు మాకు అర్థం కాలేదు. అడుగున మాత్రం "బైరాడ్స్ 0" అని ఉంది. సున్నా అంటే ఏమీ లేదన్నట్టే కదా అనుకున్నాం. "ఏం లేదట, భయపడొద్దని అమ్మకు చెప్పు బిడ్డా" అని పంపించినం.

ఐదు నెలలు గడిచినంక బడికి ఐరన్ మాత్రలు పంచేందుకు ఏఎన్ఎం వచ్చింది. మాటల్లో మాటగా ఆ చీటీ సంగతి చెప్పినం. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. "సారూ, సున్నా అంటే జబ్బు లేదని కాదు సారూ. పరీక్ష పూర్తి కాలేదు, మళ్లీ రావాలె అని."

ఆ రోజు పొద్దుగూకినంక మా ఇంటామెను వెంటబెట్టుకొని వాళ్లింటికి పోయినం. పత్తి ఏరి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. సంగతి చెప్తే కొట్లాడలేదు, ఏడ్వలేదు. "నువ్వు సదువుకున్నోనివి గదా సారూ. నువ్వే ఏం లేదంటివి" అన్నది. అంతే అన్నది. ఆ వారంలోనే హైదరాబాదు తీసుకపోయినం. మళ్లీ బొమ్మ తీసి, స్కానింగు చేసి, అది నీటిగడ్డ, హాని లేదని చెప్పారు. అదృష్టం ఆమెది. తప్పు మాది.

ఈ పక్షం సంపాదకీయం భూముల మీద రాద్దామనుకున్నాం. దాన్ని పక్కకు పెట్టి ఈ చీటీ మీద రాస్తున్నాం. ఎందుకంటే ఇట్లాంటి చీటీలు ఇంకా ఎన్ని ఇండ్లల్లో, బియ్యం డబ్బాల్లో, దేవుని పటం వెనుక ఉన్నాయో ఎవరికీ తెలియదు. క్యాంపు పెట్టేవాళ్లు ఫోటోలు దిగి పోతారు. పరీక్ష చేయించుకున్నోళ్ల లెక్క పేపర్లో వస్తుంది. మళ్లీ పోయినోళ్ల లెక్క ఏ పేపర్లోనూ రాదు.

ముందు ఆ అంకెల సంగతి తేల్చుకుందాం. మమోగ్రాం చూసిన డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తే రోగి ఆగమైతదని, అమెరికాలో ఎక్సురే డాక్టర్ల కాలేజీ 1993లో ఈ పద్ధతిని అచ్చువేసింది. చూసినదంతా ఒక్క అంకెలో చెప్పాలన్నది. మంచి పనే. కాని అది డాక్టరుకూ డాక్టరుకూ మధ్య మాట. బడిలో అలవాటైన లెక్కతో మనం దాన్ని చదివితే మోసపోతాం.

పదో తరగతి రిజల్టు వచ్చినప్పుడు కొందరి నంబరు ఎదురుగా "విత్‌హెల్డ్" అని పడుతుంది. వాడు పాస్ కాలేదు, ఫెయిలూ కాలేదు. ఎవరో ఒకరు వెంటపడి తిరిగితేనే సంగతి తేలుతుంది. చీటీలో 0 అంటే అదే. తీసిన బొమ్మలు సరిపోలేదు. ఇంకో బొమ్మ గాని, స్కానింగు గాని, పోయినసారి తీసిన పాత బొమ్మ గాని కావాలని అర్థం. 1 అంటే ఏమీ కనపడలేదు. 2 అంటే ఏదో కనపడింది గాని అది హాని లేనిది. ఈ రెండింటికీ పరుగెత్తాల్సిన పని లేదు, మామూలుగా మళ్లీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోవాలి. 3 అంటే చాలావరకు హాని లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు కంటే మించదు. అందుకే సూది పెట్టకుండా ఆరు నెలలకు మళ్లీ చూస్తామంటారు. మన దగ్గర మనుషులు జారిపోయేది ఎక్కువ ఇక్కడనే. ఆరు నెలలంటే మనకు ఒక పంట. నాట్లు వచ్చె, కలుపు వచ్చె, పిల్ల పెండ్లి వచ్చె, చీటీ మరుపున పడె.

4 అంటే అనుమానం ఉంది, చిన్న ముక్క తీసి చూడాలె అని. ఈ నాలుగు చాలా పెద్ద గంప. నూటికి రెండు అవకాశం ఉన్నదీ అందులోనే, నూటికి తొంభై ఉన్నదీ అందులోనే. అందుకే దాన్ని మళ్లీ ఏ, బి, సి అని విడదీస్తారు. ఏ అంటే అనుమానం తక్కువ, సి అంటే ఎక్కువ. కాబట్టి 4 అని చూడగానే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టొద్దు, పక్కన అక్షరం ఏముందో అడగాలి. 5 అంటే నూటికి తొంభై ఐదు, ఆపైన అనుమానం, ఆలస్యం చేయొద్దు. 6 అనేది ముక్క పరీక్షలో జబ్బు ముందే తేలినోళ్లకు రాసేది.

అసలు ఒకసారి తీసినంక మళ్లీ ఎందుకు పిలుస్తారు? మిషను రెండు పలకల మధ్య రొమ్మును ఒత్తి పెట్టి ఒక్కోదానికి రెండేసి బొమ్మలు తీస్తుంది. నొప్పి ఉంటది, కొన్ని క్షణాలే ఉంటది. అట్ల ఒత్తకపోతే లోపలి కండ ఒకదాని మీద ఒకటి పడి బొమ్మ మసకబారుతుంది. కొవ్వు నల్లగా కనపడుతుంది, పాల గ్రంథుల కండ తెల్లగా కనపడుతుంది. గడ్డ కూడా తెల్లగానే కనపడుతుంది. వయసులో ఉన్న ఆడవాళ్లకు తెల్లకండ ఎక్కువ. పగిలిన పత్తి చేన్లో తెల్లకొంగను వెతికినట్టు ఉంటది డాక్టరు పని. రెండు కండలు ఒకదాని మీద ఒకటి పడ్డా గడ్డ లెక్క కనపడొచ్చు. అందుకని అనుమానం ఉన్న చోటును మాత్రమే చిన్న పలకతో ఒత్తి, పెద్దగా చేసి మళ్లీ తీస్తారు. చాలామందికి ఇక్కడనే సంగతి తేలిపోతుంది, ఇంటికి పొమ్మంటారు.

ఆ తర్వాతది స్కానింగు. కడుపుతో ఉన్నప్పుడు చేసేదే, జెల్లు రాసి చేస్తారు. గడ్డలో నీళ్లున్నాయా, గట్టి కండ ఉందా అని చెప్పేది ఇది. చిన్న వయసు వాళ్లకు ఎక్సురే కంటే ముందు దీన్నే చేస్తారు. కొన్నిసార్లు బొమ్మలో ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు కనపడతాయి. అవి సున్నపు చుక్కలు. "తమలపాకుల సున్నం ఎక్కువ తిన్నందుకా సారూ" అని ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగింది. తిన్న సున్నంతో దానికి సంబంధం లేదు. ఆ చుక్కల్లో ఎక్కువ శాతం హాని లేనివే. గుంపుగా, ఒక వరుసలో ఉన్నవాటినే అనుమానిస్తారు.

అప్పటికీ తేలకపోతే సూది పరీక్ష. ఇందులో రెండు రకాలు. ఒకటి సన్నసూదితో నాలుగు కణాలు లాగి చూసేది. రెండోది కొంచెం లావు సూదితో, తిమ్మిరి మందు ఇచ్చి, బియ్యపు గింజంత సన్నటి ముక్కలు తీసేది. దీన్ని కోర్ బయాప్సీ అంటారు. ఈ రెండోదే గట్టి పరీక్ష. జబ్బు ఉందా లేదా అన్నదే కాకుండా, ఉంటే అది ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అని కూడా ఈ ముక్కల మీదనే చూస్తారు. ఈఆర్, పీఆర్, హెర్2 అని రిపోర్టులో రాసేవి అవే. గడ్డ కనపడగానే ముక్క పరీక్ష లేకుండా నేరుగా కోసేద్దాం అనే డాక్టరు దొరికితే, కోర్ బయాప్సీ ఎందుకు చేయడం లేదని అడగండి. అడగడం తప్పు కాదు.

సూది మాట రాగానే మా ఊళ్లల్లో ఒక మాట లేస్తుంది. "రాచపుండుకు ఇనుము తగలొద్దు, తగిలితే ఒళ్లంత పాకుతది." ఈ మాట ఒక ఇంట్లో మూడు నెలలు తిన్నది. ఆమె చీటీలో 4సి ఉంది. అత్త వద్దన్నది, మొగడు ఊకున్నడు, ఆకుపసరు కట్టించినరు. మా సంఘం ఆడవాళ్లు నాలుగుసార్లు పోయి కూసుంటే ఐదోసారి కదిలింది. క్యాన్సరే అని తేలింది.

ఆ అత్తను మేం తిట్టం. ఆమె తన కండ్లతో చూసింది చెప్పింది. పుండు పగిలినంక, చంకలోకి దిగినంక, అప్పుడు పట్నం పోయినోళ్లు, సూది పెట్టించుకున్నోళ్లు, నెలలకే చచ్చిపోయింది చూసింది. చంపింది సూది అనుకున్నది. చంపింది ఆలస్యం. బయాప్సీ చేసినందుకు జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. లోకమంతా డాక్టర్లు ముందు ముక్క తీసి, తర్వాతనే మందు నిర్ణయిస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, దీన్ని క్యాంపుల వాళ్లు చెప్పరు. మమోగ్రాం అన్నింటినీ పట్టలేదు. చేతికి గడ్డ తగులుతున్నది, చీటీలో మాత్రం 1 అని ఉంది అనుకోండి. చీటీని నమ్మి కూసోవద్దు, చేతిని నమ్మి మళ్లీ పోవాలి. చనుమొన లోపలికి గుంజుకపోయినా, దాన్నుంచి నెత్తురు వచ్చినా, చర్మం సొట్టపడ్డా, చంకలో గడ్డ కట్టినా అంతే. నొప్పి లేదు గదా అని ఊకోవద్దు. మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు.

మళ్లీ రమ్మన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టా? అమెరికా లెక్క చూడండి. అక్కడ ఏ బాధా లేకున్నా వరుసగా పరీక్ష చేయించుకునే ఆడవాళ్లలో నూటికి పదిమంది దాకా మళ్లీ పిలుస్తారు. ఆ పిలిచిన పదిమందిలో క్యాన్సర్ తేలేది ఒకరి కంటే తక్కువ. మన దగ్గర లెక్క ఇంత మెత్తగా ఉండదని మా అనుమానం, ఎందుకంటే మనోళ్లు గడ్డ చేతికి తగిలినంకనే పరీక్షకు పోతారు. అయినా పిలుపు అంటే తీర్పు కాదన్నది ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు ఇంకో లెక్క. ప్రపంచ క్యాన్సర్ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లు సుమారు 1 లక్షా 92 వేలు. ఆ ఏడాది చనిపోయినోళ్లు 98 వేలు. అమెరికాలో అదే ఏడాది వచ్చినోళ్లు 2 లక్షల 70 వేలకు పైన, చనిపోయినోళ్లు సుమారు 43 వేలు. జబ్బు అక్కడ ఎక్కువ, చావు ఇక్కడ ఎక్కువ. ఆ జబ్బు మన ఆడవాళ్ల మీద ప్రత్యేకంగా పగబట్టలేదు. దొరికే వేళకు ఆలస్యమవుతున్నది, దొరికినంక వైద్యం అందేవరకు ఇంకా ఆలస్యమవుతున్నది.

ఆ ఆలస్యం ఎవరి ఇంట్లో ఎక్కువ? చెప్పాల్సిన పని లేదు. చిట్యాల నుంచి హైదరాబాదు పోవడం, రావడం, పెద్ద దవాఖానలో లైను కట్టడం, ఒక్క రోజు కైకిలి పోతది. ఒక్కసారితో అయిపోతే బాగుండు. బొమ్మకు ఒకరోజు, సూదికి ఒకరోజు, రిపోర్టుకు ఒకరోజు, రిపోర్టు రాలేదంటే ఇంకోరోజు. తోడు వచ్చినామె కైకిలి కూడా లెక్కేసుకోండి. కౌలుకు పత్తి పెట్టిన ఇంట్లో ఏరేటప్పుడు నాలుగు రోజులంటే తమాషా కాదు. "ఆడోళ్లకు అవగాహన లేదు" అని క్యాంపులో మైకు పట్టుకొని చెప్పే పెద్దలకు ఈ కైకిలి లెక్క అవగాహన లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ కూలి ఆడవాళ్ల ప్రసూతి బిల్లు మీద బాబాసాహెబ్ లేచి మాట్లాడిండు. కాన్పు ముందూ వెనకా విశ్రాంతి ఇవ్వాలె, ఆ రోజుల కూలి ఇవ్వాలె అన్న బిల్లును సమర్థించిండు. ఒంటికి విశ్రాంతి కావాలంటే చేతికి కూలి రావాలన్న సంగతి ఆయన అప్పుడే అడిగితే, దవాఖానకు పోయిన రోజు కూలి సంగతి ఇప్పటికీ ఎవరూ ఎత్తడం లేదు.

ఇంకోటి ఉంది, రాయాలంటే చేయి ఆగుతుంది. కొత్త మనిషి ముందర రవిక విప్పాలి. మన ఆడవాళ్ల ఒంటిని గడీలలో, చేన్లలో ఎవరు ఎట్ల చూసిండ్రో, ఎట్ల ముట్టిండ్రో ఈ జిల్లాకు తెలుసు. ఆ ఒంటినే దవాఖానలో ముట్టడానికి వెనుకాడిన సంగతి కూడా విన్నాం. ఒకచోట, పేరు రాయం, మనామె ఊరూ వాడా అడిగినంక చేయి పెట్టి చూడకుండానే "అంతా బాగుంది పో" అన్నరట. గడ్డ ఉందో లేదో ముట్టకుండా తెలుసుకునే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మేం కూడా ఆ రోజు చీటీ తెచ్చిన పిల్లతో "అమ్మను ఒకసారి రమ్మను, ఏం బాధనో అడుగుదాం" అని ఎందుకు అనలేదు? ఆ మాట అడగడానికి సిగ్గుపడ్డాం. మగ పంతులుకు రొమ్ము అనే మాట నోట రాదు. మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడే నోరే ఇది.

చేతి పరీక్షకు అంత విలువ ఉందా అని అడిగేవాళ్ల కోసం బొంబాయి సంగతి చెప్తాం. టాటా క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 35 నుంచి 64 ఏండ్ల మధ్య ఆడవాళ్లను లక్షా యాభై వేల మందికి పైగా రెండు భాగాలు చేసిండ్రు. ఒక భాగానికి, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలతో, వాళ్లూ ఆడవాళ్లే, రెండేండ్లకోసారి నాలుగుమార్లు రొమ్ములను చేత్తో పరీక్ష చేయించిండ్రు. ఇరవై ఏండ్లు లెక్క చూసి 2021లో ఫలితం అచ్చువేసిండ్రు. ముదిరినంక దొరికే గడ్డలు తగ్గినయి. 50 దాటినోళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గినయి. 50 లోపు వాళ్లలో ఆ తేడా కనపడలేదని కూడా దాచకుండా రాసిండ్రు. మన తెలుగు నేల మీద ఉషాలక్ష్మి ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా ఊళ్ల ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, రెండు లక్షల మందికి పైగా పేద ఆడవాళ్లకు ఇట్లనే చేతి పరీక్ష చేయించింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2016లో 30 నుంచి 65 ఏండ్ల ఆడవాళ్లందరికీ ఐదేండ్లకోసారి ఈ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఊళ్లో జరిగిందా? ఆశా కార్యకర్తను అడగండి. ఆమెను గద్దించొద్దు, ఆమె కూడా మనలాంటి కూలి మనిషే. ఆమెను తోలుకొని పై వాళ్లను అడగండి.

జబ్బు తేలితే దారి లేదనుకోవద్దు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదటి విడత మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో మన పక్క పాలమూరు ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలు చేసిండ్రు. సర్కారు క్యాన్సర్ దవాఖాన రెడ్‌హిల్స్‌లో ఉంది, మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఎం.ఎన్.జె. అంటారు, 1955 నుంచి ఉంది. చిట్యాలలో బస్సెక్కి ఎల్.బి.నగర్‌లో దిగి, అక్కడ మెట్రో ఎక్కితే మారకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. దవాఖాన అక్కడికి దగ్గరే. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత చీటీలు, ఎక్సురే ఫిలిములు గాని సీడీ గాని, అన్నీ తీసుకపోవాలి. పాత బొమ్మ లేదని మళ్లీ తిప్పితే ఇంకో రోజు కైకిలి పోతది.

మేం అడుగుతున్నవి పెద్దవేం కావు. క్యాంపు పెట్టే ఏ సంస్థయినా, సర్కారయినా, చీటీని తెలుగులో ఇవ్వాలి. అంకెతో పాటు "మళ్లీ రావాలి, ఫలానా తారీఖు, ఫలానా గది" అని రాయాలి. మళ్లీ రానోళ్ల పేర్లు ఆ ఊరి ఏఎన్ఎంకు, గుట్టుగా, ఆమెకు మాత్రమే ఇయ్యాలి. నల్లగొండ పెద్ద దవాఖానలో, బీబీనగర్ ఎయిమ్స్‌లో రొమ్ము పరీక్షలు ఏవి ఏ రోజు చేస్తారో ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. పరీక్షకు పోయినామెకు, తోడు పోయినామెకు ఆ రోజుల కూలి కట్టియ్యాలి. ఇది చేయలేనోళ్లు క్యాంపు పెట్టకుండా ఉంటేనే మేలు. చీటీ చేతిలో పెట్టి మాయమయ్యే క్యాంపు భయం పంచుతుంది, లేదంటే మా లాంటి పంతులు చేత అబద్ధపు ధైర్యం పంచుతుంది.

సంఘం వైపు నుంచి మేం ఒకటి మొదలుపెట్టినం. వాడలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె పది చదివింది, ఒకామె చదువుకోలేదు గాని పట్నం దవాఖాన తొవ్వలన్నీ తెలుసు, చీటీలున్న ఇండ్లకు పోయి వస్తున్నరు. చీటీ అర్థం కాకపోతే మా దగ్గరికి తెస్తరు. మాకూ అర్థం కాకపోతే ఏఎన్ఎం దగ్గరికి పోతున్నం, ఊహించి చెప్పడం బందు పెట్టినం. 4సి వచ్చిన ఆమెకు కీమో నడుస్తున్నది. మొన్న ఆదివారం తలకు తువ్వాల కట్టుకొని మీటింగుకు వచ్చి, వెనుక వరుసలో కూసోని, సూది సంగతి ఎవరో అడిగితే లేచి నిలబడి తనే చెప్పింది. "చీమ కుట్టినంత గాదు గని, తేలు కుట్టినంత కూడా గాదు" అన్నది. ఆమె అత్త పక్కనే కూసుంది.

వచ్చే బుధవారం పొద్దుగాల బస్సుకు ముగ్గురు పోతున్నరు. ఇద్దరికి ఆరు నెలలు దాటి ఎన్నాళ్లో అయింది, ఒకామెది సున్నా. నాలుగో ఆమె చీటీ ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. మొగడు మిల్లు డ్యూటీ దిగి వచ్చే వేళ చూసుకొని మాట్లాడడానికి రేపు పోతున్నం.